గింజా వీధి: కట్టడములును వంటకములును

టోక్యో మహానగరమున గింజా యను పేట ఉత్తరమున క్యోబాషి మొదలుకొని దక్షిణమున షింబాషి వఱకు ఇంచుమించు ఒక కిలోమీటరు పొడవున సాగి, ఎనిమిది భాగములుగా విభజింపబడి, జపానుదేశపు ఐశ్వర్యమునకు ప్రదర్శనశాలయై యున్నది. ఈ కొస నొక వంతెన పేరు, ఆ కొస నొక వంతెన పేరు వినబడుచున్నను నేడచ్చట వంతెనలును లేవు, వాని క్రింద పాఱిన నీరును లేదు. పూర్వ మీ స్థలము నాలుగు దిక్కుల కాలువలచే పరివేష్టితమై యుండెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము బాంబులవలన కూలిన యిండ్ల శిథిలములను పాఱవేయుటకు వేఱు చోటు దొరకక తూర్పునందలి కాలువను వానితోనే పూడ్చివేసిరి. తక్కిన కాలువలను సైతము పూడ్చి, వానిపై మోటారుబండ్లకు ఎత్తుదారి నిర్మించి, ఆ దారి క్రింద అంగళ్ళు కట్టిరి. ఇచ్చట నేల గాని, నీరు గాని, గోడ గాని చిరకాలము నిలుచునది కాదు. కట్టడములనుబట్టి ఈ వీధి చరిత్రను వ్రాయబూనిన వానికి ఏబది అఱువది యేండ్లకొకసారి ఆధారము చేజాఱిపోవుచుండును. వంటకములను పట్టుకొని వ్రాయబూనిన వానికి మాత్రము దారము తెగదు. మఱియొక వింత యేమనగా, ఆ వంటకములను ఇచ్చటికి తెచ్చినవారిలో పెక్కురు రాజధానిలో పుట్టినవారు కారు. మారుమూల ప్రాంతములనుండి పొట్ట చేత పట్టుకొని వచ్చినవారు.

తొకుగావ వంశీయులు 1603లో నేటి టోక్యోయైన ఎడో పట్టణమున తమ ప్రభుత్వమును స్థాపించి, కాండా కొండను త్రవ్వించి, ఆ మట్టితో హిబియా సముద్రపాయను పూడ్పించి, తమ సామంతులకును వర్తకులకును నివేశనస్థలములు కల్పించిరి. సుంపు నగరమున నుండిన వెండి టంకశాలను 1612లో ఇచ్చటికి తరలించుటచే ఈ పేటకు నేటి పేరు లోకవ్యవహారమున వచ్చినది. ప్రభుత్వపు దస్తరములలో అది చేరుట మాత్రము 1869లో. టంకశాలాధికారుల అక్రమములు బయటపడుటచే 1800లో ఆ శాలను వేఱొక పేటకు తరలించిరి. వెండి పోయినను వెండిపేరు మిగిలినది. ఆ కాలమున ఘనమైన వర్తకమంతయు ఉత్తరమున నిహొంబాషియందే జరుగుచుండెను. గింజా కేవలము పనివాండ్ర పేట. చిన్న చిన్న కొయ్యయిండ్లును, ఇఱుకుసందులును, తఱచుగా అగ్నిప్రమాదములును తప్ప చెప్పదగినది అచ్చట విశేషముగా లేదు.

ఈ సామాన్యపు పేట దేశమునకెల్ల అద్దమగుటకు కారణము 1872 ఫిబ్రవరి మాసమున సంభవించిన అగ్నిప్రమాదము. కోటలోపల వదకురా ద్వారమునొద్ద పూర్వము ఐజు ప్రభువులకు చెందియుండి, వారి ప్రభుత్వము పోయిన తరువాత సైనికుల బసగా మాఱిన మందిరమున నిప్పు పుట్టి, తీవ్రమైన గాలి తోడుపడగా గింజాను దాటి త్సుకిజీ సముద్రతీరము వఱకు వ్యాపించి, వేలకొలది గృహములను భస్మము చేసెను. అప్పటి పరిస్థితిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. త్సుకిజీలో విదేశీయుల నివాసస్థలము ఏర్పడియుండెను. యొకొహామా రేవునుండి షింబాషికి దేశమున మొట్టమొదటి రైలుమార్గము ఆ యేడే అక్టోబరులో ప్రారంభము కానుండెను. రైలు దిగిన దొరలకు మొట్టమొదట కంటబడునది గింజాయే. పాశ్చాత్యరాజ్యములతో బలవంతముగా చేసికొన్న అసమసంధులను సవరింపజేసికొనవలెనన్న తహతహతో నున్న, తొకుగావల పిదప వచ్చిన మెయిజీ ప్రభుత్వమునకు, ఆ దొరల కన్నులయెదుట కాలిన కొయ్యగుడిసెలు మఱల లేచుట సమ్మతము కాలేదు. టోక్యో గవర్నరు యూరీ కిమిమసా మొదలైనవారి పట్టుదలచే ఆ పేటనంతయు నిప్పంటని ఇటుకలతో కట్టుటకు నిశ్చయమయ్యెను.

ఆ పనికి నియుక్తుడైనవాడు థామస్ జేమ్స్ వాటర్స్ అను ఐర్లండుదేశీయుడు. అంతకుముందే అతడు ఒసాకా నగరమున ప్రభుత్వపు క్రొత్త టంకశాలను కట్టి పేరుపొందియుండెను. ఒక టంకశాలను కట్టినవాడే మఱియొక టంకశాల యుండిన పేటను తిరిగి కట్టుట యాదృచ్ఛికమే కాని, ముచ్చటైన యాదృచ్ఛికము. ఆ దేశమున అన్ని ఇటుకలు కాల్చు వాడుక లేకుండుటచే కొసుగె యను చోట జర్మను పద్ధతి ననుసరించిన ఆవములను కట్టించిరి. కొంతకాలమునకు ఆ యావములున్న చోటనే కారాగృహ మేర్పడి, ఖైదీలచేత ఇటుకలు చేయించిరి. పెద్దవీధిని ఇంచుమించు 27 మీటర్ల వెడల్పు చేసిరి. ఇరుప్రక్కల ఇటుక పఱచిన కాలిబాటలును, వాని ప్రక్కన స్తంభములపై నిలిచిన పంచలును, పైన సున్నము పూసిన రెండంతస్తుల గృహములును, 1874 మొదలు రాత్రులయందు వెలుగు గ్యాసుదీపములును చూచుటకు దేశము నలుమూలలనుండి జనులు వచ్చుచుండిరి. మూడవ హిరొషిగె మొదలైన చిత్రకారులు ఆ వీధిని రంగురంగుల కొయ్యచ్చు చిత్రములుగా ముద్రింపగా, పల్లెటూళ్ళవారు వానిని కొని యింటికి పట్టుకొని పోయెడివారు.

చిత్రమున చూచుటకు ఇంపుగా నుండిన యిల్లు కాపురమునకు ఇంపుగా లేదు. పూర్వము సముద్రతీరమై యుండిన తడినేలపై, గాలి చొరని మందపు గోడల నడుమ, ఆషాఢశ్రావణముల వర్షములు మొదలుకాగానే తడిచేయి తగిలిన ఊరగాయజాడిలో పట్టినట్లు బట్టలకును చాపలకును బూజు పట్టుచుండెను. ప్రభుత్వము వాయిదాలపై అమ్మజూపినను ఆ వాయిదాలు చెల్లించు శక్తి పాతకాపులకు లేదు. శక్తి కలవారికి ఆసక్తి లేదు. చాలకాలము ఎన్నియో యిండ్లు తాళములు వేసియుండగా, కొన్నింటిలో గారడీవాండ్రును వినోదప్రదర్శకులును దిగి టిక్కెట్లు పెట్టి ఆటలాడిరి. వీధిప్రక్కల నాటిన దేవదారు, చెఱ్ఱీ, మేపులు చెట్లు ఆ తడికి నిలువక ఎండిపోగా, నీటిని ప్రేమించు విల్లో చెట్లను నాటిరి. తరువాతికాలపు కవులు గింజా విల్లోలనుగూర్చి విస్తారముగా పాడిరి గాని, మొదట వానిని తెచ్చినది సౌందర్యదృష్టి కాదు, మురుగునేల. నగరమంతటిని ఇటుకలతో కట్టవలెనన్న సంకల్పము 1877తో ఆగిపోయెను.

పాతకాపులు వదలిపోయిన ఆ ఖాళీయిండ్లే గింజా భాగ్యమునకు మూలము. పరువుగల వర్తకులు వెనుదీయగా, పోగొట్టుకొనుటకు ఏమియు లేనివారు వచ్చి చేరిరి: వార్తాపత్రికలవారు, గడియారములవారు, కోట్లు కుట్టువారు, పాశ్చాత్యౌషధములవారు, రొట్టెలవారు. వీరందఱిలో రొట్టెలవాని కథ నాకు మిక్కిలి ప్రియమైనది.

కిమురా యసుబే హితాచి ప్రాంతమున జన్మించిన వాడు; ఖడ్గధారులగు సమురాయి కులమువాడు. ప్రభుత్వము మాఱి, ఖడ్గమునకు జీతము లేకుండ పోయిన కాలమున, నడివయసు దాటినపిమ్మట, 1869లో రొట్టెల దుకాణము తెఱచెను. అగ్నిప్రమాదమువలన నష్టపడి తుదకు 1874లో గింజా ఇటుకవీధికి చేరెను. ఆనాటి జపానీయులకు రొట్టె పుల్లగను గట్టిగను తోచుచుండెను. దానిని పులియబెట్టుటకు తగిన ఈస్టు సైతము అచ్చట సులభముగా దొరకదు. అప్పుడతడు తన దేశమున సారాయి కాచుటకు వాడు బియ్యపు పులుపును తీసికొని, దానితో గోధుమపిండిని నెమ్మదిగా పులియబెట్టి, లోపల అజుకి యను ఎఱ్ఱని పప్పుగింజలను చక్కెరతో ఉడికించి నూఱిన పూర్ణమును పెట్టి, గుండ్రని రొట్టెలు కాల్చెను. దీనికి 'అంపాన్' అని పేరు. 1875 ఏప్రిల్ 4వ తేదీన మెయిజీ చక్రవర్తి ముకోజిమాయందలి మితో ప్రభువుల ఉద్యానమునకు వచ్చినప్పుడు, యమఒకా తెష్షూ అను ఆస్థానోద్యోగి ద్వారా ఈ రొట్టెలను సమర్పించిరి. ఆనాటికి ప్రత్యేకముగా రొట్టె నడినెత్తిన బొటనవ్రేలితో నొక్కినట్లు చిన్న గుంటచేసి, ఉప్పులో ఊరవేసిన చెఱ్ఱీపువ్వును అందులో అద్దిరి. చక్రవర్తికి రుచించినది, ఊరికిని రుచించినది. నేటికిని కిమురాయా అంగడిలో ఆ రొట్టెను కొని చేత పట్టుకొన్నచో, పైనున్న ఆ పువ్వు ఎండి గోధుమవర్ణపు పొరకు అంటుకొనిపోయి, మొదటి కాటున ఉప్పై, వెంటనే పూర్ణపు తీపిలో కలసిపోవును. పాశ్చాత్యమైన రొట్టెలో స్వదేశీయమైన పూర్ణమును దాచి అమ్మిన ఆ వృద్ధసమురాయి యుక్తిని, వాటర్స్ దొర నిర్మాణకౌశలముకంటె నేను గొప్పదిగా నెంచుచున్నాను. ఆ దొర గోడలు కూలినవి, ఈ రొట్టె కూలలేదు.

తక్కినవారిని త్వరగా చెప్పుకొందము. ఫుకుహరా అరినొబు 1872లో ఇచ్చట స్థాపించిన షిసెయిదో యను ఔషధశాల, 1902లో అమెరికా పద్ధతిని సోడాను ఐస్‌క్రీమును అమ్మనారంభించి, క్రమముగా సుగంధద్రవ్యములకును భోజనశాలకును ప్రసిద్ధి పొందెను. ముత్యపుచిప్పలలో ముత్యములను పెంచిన మికిమొతో, షిమా ప్రాంతపు తొబా పట్టణమునుండి వచ్చి, 1899లో ఇచ్చట అంగడి తెఱచెను. 1895లో ఆరంభమైన రెంగతెయ్ భోజనశాల తన పేరునే ఇటుకలనుండి తీసికొనెను. అందు 1899లో పందిమాంసపు ముక్కకు రొట్టెపొడి పట్టించి విస్తారమైన నూనెలో వేచి వడ్డింపనారంభించిరి. రష్యాతో యుద్ధము జరిగిన కాలమున పనివాండ్రు సైన్యమునకు పోగా, ఉడికించిన కూరలు సిద్ధపఱచుటకు మనుష్యులు చాలక, పచ్చి క్యాబేజీనే సన్నగా తరిగి ప్రక్కన పెట్టిరని చెప్పుదురు. నేడు జపానుదేశమున ఏ మూలకు పోయినను ఆ వేపుడుముక్క ప్రక్కన ఆ తరిగిన క్యాబేజీ గుట్ట తప్పదు. ఇటుకవీధి లేదు, ఇటుకపేరు గల ఆ భోజనశాల మాత్రము నేటికిని అదే వంటకమును వడ్డించుచున్నది.

కాఫీ కథయు అట్టిదే. దక్షిణమున తొసా ప్రాంతమునకు చెందిన మిజునో ర్యో అను నతడు 1908లో కసతోమారు అను నౌకపై 781 మంది వలసకూలీలను బ్రెజిలు దేశమునకు పంపెను. దానికి ప్రతిఫలముగా సావోపాలో రాష్ట్రప్రభుత్వము అతనికి కొన్ని యేండ్లపాటు కాఫీగింజల నుచితముగా నిచ్చినది. ఆ గింజలతో 1911లో గింజాయందు కఫే పౌలిస్తా వెలసి, గిన్నె 5 సెన్లకు కాఫీ అమ్మగా, విద్యార్థులును పాత్రికేయులును మూగిరి. ఆ కూలీలకు బ్రెజిలు తోటలలో ప్రాప్తించిన కష్టములను తలచినవారికి ఆ చౌక కాఫీ అంత తియ్యగా నుండదు. కాని గింజాయందు కాఫీ త్రాగుచు కాలము గడపు అలవాటునకు నాందియైనవి ఆ కాలపు కాఫీశాలలే. ఆ దినములలోనే ఇవాతె ప్రాంతపు షిబుతమి గ్రామమునుండి వచ్చిన ఇషికావ తకుబొకు అను యువకవి, ఈ వీధిసమీపమందలి అసాహి పత్రికాకార్యాలయమున ప్రూఫులు దిద్దుచు, తన యూరికొఱకు బెంగగొని చిన్న చిన్న పద్యములు వ్రాసి, 1912లో ఇరువదియాఱేండ్లకే క్షయవ్యాధిచే మరణించెను.

1923 సెప్టెంబరు 1వ తేదీ మధ్యాహ్నమునకు రెండు నిమిషముల ముందు కాంతో భూకంపము వచ్చినది. నిప్పునకు జంకక నిలువవలెనని కట్టిన ఇటుకయిండ్లు మొదట కంపమున చీలి, పిదప మంటలో మాడినవి. క్యోబాషి యొద్ద ఒక గ్యాసుదీపపు స్తంభమును, దాని యడుగున పఱచిన ఆనాటి కొన్ని ఇటుకలును తప్ప నేడా మొదటి గింజాను చూపుటకు వీధిలో వేఱేమియు లేదు.

దానిపై లేచినది రెండవ గింజా. ఉక్కును కాంక్రీటును నమ్మి, నూఱడుగుల ఎత్తునకు మించరాదన్న శాసనమునకు లోబడి, పెద్ద అంగళ్ళవారు ఇచ్చటికి వచ్చిరి. 1924లో మత్సుజకాయా, మఱుసటియేడు మత్సుయా, 1930లో మిత్సుకొషి తెఱవబడెను. అంతకుముందు పెద్ద అంగళ్ళలో చాపలు పఱచియుండుటచే కొనువారు గుమ్మమునొద్దనే పాదరక్షలు విడిచి లోనికి పోవలసియుండెను. మత్సుజకాయావారు పాదరక్షలతోనే లోనికి రానిచ్చిరి. ఇది చూచుటకు అల్పవిషయము. కాని చెప్పులు విడువ నక్కఱలేని అంగడిలోనికి కొననివాడును నిర్భయముగా ప్రవేశించును. ఊరక తిరుగుట యను వినోద మందుండియే బలపడినది.

ఆ తరమునకు చెందిన కట్టడములలో కొన్ని యుద్ధమునుండియు, అంతకంటె క్రూరమైన భూమిధరలనుండియు తప్పించుకొని మిగిలినవి. నాలుగవ భాగపు చతుష్పథమున హత్తొరి గడియారపు వర్తకులకొఱకు వతనబె జిన్ 1932లో కట్టిన గోపురభవనము వానిలో ప్రసిద్ధము. మూలకు తగినట్లు వంపుతిరిగిన రాతిముఖముతో, నెత్తిన నాలుగుమోముల గడియారముతో అది నిలిచియున్నది. విజయము పొందిన అమెరికను సైన్యము 1952 వఱకు దానిని తమ సైనికుల అంగడిగా వాడుకొనెను; 1954లో గాడ్జిల్లా చలనచిత్రమున రాక్షసమృగము దానిని విఱుగగొట్టెను; అయినను గడియారము గంట కొట్టుచునే యున్నది. మొదటి భాగమున నున్న ఒకునో భవనమును కూడ 1932లోనే కట్టిరి. అప్పుడది ధనికుల నివాసగృహము, ఇప్పుడు చిన్న చిన్న చిత్రశాలల గూడు. గీతలు గీసిన గోధుమవర్ణపు పెంకులను, గుండ్రని కిటికీలను చూచుచు లోనికి పోయినచో, చేతితో తలుపులు లాగుకొనవలసిన పాత లిఫ్టు ఎదురుపడును. వెలుపలి తలుపు మూసి, లోపలి జాలితలుపు మూసి, రెండును సరిగా పడినవని చూచుకొన్నగాని అది కదలదు. దిగినవాడు తలుపు మూయుట మఱచెనా, పైయంతస్తున నున్నవాడు మెట్లెక్కవలసినదే.

వీనిలో నాకు ఆదరము మెండుగా కలది సుగవారా ఎయిజో 1934లో బీరు కంపెనీకొఱకు కట్టిన లయన్ బీరుశాల. వెలుపల విశేష మేమియు లేదు. లోన కాలుపెట్టినపిమ్మట గాని దాని మహిమ తెలియదు. ఆకుపచ్చని పెంకులు తాపిన బలమైన స్తంభములు రెండువరుసలుగా నిలిచి ఎత్తైన కప్పును మోయుచుండగా, ద్రాక్షగుత్తులను పోలిన దీపములు వ్రేలాడుచుండును. ఎదుటిగోడనంతయు ఆక్రమించి చిన్న చిన్న గాజుముక్కలతో కూర్చిన చిత్రమున స్త్రీలు బార్లీపంటను కోయుచుందురు. పెద్ద మేడ కట్టదగిన స్థలమున ఇట్టి శాలను నిలుపుకొన్నవారి వివేకమును మెచ్చవలసినదే.

1945 వైమానికదాడులలో గింజా మఱల కాలినది. 1889లో స్థాపితమైన కబుకి నాట్యశాల చరిత్ర ఈ వీధి చరిత్రకు సంగ్రహము: 1921లో కాలెను, కట్టుచుండగా భూకంపము వచ్చెను, 1924లో లేచెను, 1945లో బాంబులకు కూలెను, 1951లో మఱల లేచెను; తరువాత దానినిగూడ తొలగించి, 2013లో కుమా కెంగో రచించిన విధమున, పాత ముఖమును పోలినదానినే మఱల నిలిపి వెనుక ఇరువదితొమ్మిది అంతస్తుల గోపురము కట్టిరి. ఆ నాట్యశాలకు సమీపముననే భారతీయుల కొక స్మృతిచిహ్న మున్నది. తిరువనంతపురమున జన్మించి, క్యోటో నగరమున విద్యాభ్యాసమునకు వచ్చి, రాసబిహారీ బోసునకు సన్నిహితుడై స్వాతంత్ర్యోద్యమమున పనిచేసిన ఎ. ఎం. నాయర్, యుద్ధము ముగిసి భారతదేశము స్వతంత్రమైన పిదప, 1949లో అచ్చట చిన్న భోజనశాల పెట్టెను. కోడికూరయు అన్నమును కలిపి తినవలెనని వడ్డించువారు నేటికిని ఉపదేశించుచుందురు. శిథిలమైన నగరమున ఉద్యమము ముగిసిన విప్లవకారుడు వంటశాల తెఱచుట, ఖడ్గము పోయిన సమురాయి రొట్టెలు కాల్చుటకు దగ్గఱి చుట్టమే.

మూడవ గింజాను గూర్చి విస్తరింపను. 1972లో కురొకావ కిషో ఎనిమిదవ భాగమున 140 గదిపెట్టెలను రెండు స్తంభములకు తగిలించి కట్టిన నకగిన్ గోపురముమీద ప్రపంచమంతయు ఆశ పెట్టుకొనెను. ఇరువదియైదేండ్ల కొకసారి పాతపెట్టెను ఊడదీసి క్రొత్తదానిని తగిలింపవచ్చునని నిర్మాత సంకల్పము. ఒక్క పెట్టెయైనను మార్పబడలేదు, 2022లో గోపురమునే ఊడదీసిరి. రెంజో పియానో గాజుదిమ్మెలతో 2001లో కట్టిన ఎర్మెస్ భవనము రాత్రివేళ లోపలి వెలుగుతో ప్రకాశించును. పెద్దవీధిపై భవనములు 56 మీటర్లకు మించరాదన్న నియమము 1998లో ఏర్పడి, ఆకాశహర్మ్యములు వచ్చిపడునన్న భయమున పేటలోని వర్తకులే కూడి పట్టుబట్టగా, 2006లో మఱింత బిగువైనది. పాత మత్సుజకాయా స్థలమున 2017లో లేచిన గింజా సిక్స్ ఆ కొలతకు లోబడియే యున్నది. తమ ధనమును పెంచు ఎత్తును తామే కాదనుకొన్న వర్తకులు లోకమున అరుదు.

ఇంతటి పేటలో, ఐదవ భాగపు క్యూక్యోదో అను కాగితముల అంగడి ముంగిటి నేల ఏండ్లతరబడి దేశమున అన్నిటికంటె వెలగలదని ప్రభుత్వపు పన్నుపట్టికలు చాటుచుండగా, ప్రాంతీయప్రభుత్వములు వచ్చి ఊరగాయలును, ఎండుచేపలును, ముల్లంగులును అమ్ముట విపరీతముగా తోచవచ్చును. వీనిని 'యాంటెనా అంగళ్ళు' అందురు. సరకు అమ్ముట వానికి సగము పని. రాజధానివారి అభిరుచి ఎటు తిరుగుచున్నదో పసిగట్టి స్వగ్రామమునకు తెలుపుట తక్కిన సగము. 1990 ప్రాంతమున భూమిధరల బుడగ పగిలి అద్దెలు దిగిరాగా, 1994లో ఒకినావా వారును, 1998లో ఇవాతె వారును, ఇంకను కుమమొతో, యమగత, కోచి, హిరొషిమా, నగానో, ఇబరాకి మొదలైన ప్రాంతములవారును గింజాలోనో దాని యంచుననో అంగళ్ళు తెఱచిరి.

ఇది క్రొత్తపద్ధతియని పలువురు వ్రాయుదురు. నాకట్లు తోచదు. 1635లో తొకుగావ ప్రభుత్వము చేసిన శాసనముచే సామంతప్రభువులు ఏడాది విడిచి ఏడాది ఎడోలో నివసింపవలసియుండెను. వారి భార్యలును వారసులును ఎల్లకాలము అచ్చటనే. రెండువందలకు పైబడిన ప్రభువుల మందిరములలో ఆయా ప్రాంతపు వంటవాండ్రు ఆయా ప్రాంతపు వంటలే చేయుచు, స్వదేశపు విశిష్టవస్తువులను కానుకలుగా పంచుచుండిరి. 1871లో సామంతరాజ్యములు రద్దై, మందిరములు పాడువడినవి. మఱుసటియేడు గింజాను కాల్చిన నిప్పు అట్లు ప్రభువులను కోల్పోయిన యొక మందిరమున పుట్టినదే. నూఱేండ్లు దాటినపిమ్మట ఆ ప్రాంతములే ప్రభువులు లేకుండ, ఖడ్గములు లేకుండ, గల్లాపెట్టెలతో రాజధానికి తిరిగివచ్చినవి.

కుమమొతోవారి అంగడిలో దొరకు 'కరషి రెంకోన్' ఇందుకు సాక్ష్యము. తామరదుంపను తొక్కతీసి ఉడికించి, దాని రంధ్రములనిండ ఆవపిండి కలిపిన సోయా ముద్దను దట్టముగా కూరి, ఒకరాత్రి ఉంచి, పసుపువర్ణపు పిండిలో ముంచి నూనెలో వేచి, చల్లారినపిమ్మట చక్రములుగా కోయుదురు. హొసొకావ తదతొషి ప్రభువు బలహీనుడై యుండగా, కోటకందకమున పెరిగిన తామరదుంపతో ఒక సన్యాసి సలహాపై దీనిని చేసిరనియు, కోసిన ముక్కలోని రంధ్రములు ఆ వంశపు కులచిహ్నమగు తొమ్మిది చుక్కలను పోలియుండుటచే ఇతరులు దీనిని చేయరాదని గోప్యముగా నుంచిరనియు ఐతిహ్యము. ఐతిహ్యము నిజమైనను కాకున్నను ఆవఘాటు నిజము. మొదటి ముక్కకే ముక్కుపుటము లదరి కన్నుల నీరు తిరుగును. అలవాటుపడిన ఆంధ్రుడును ఒక్కక్షణము మాటలాడడు.

కోచి యనగా మిజునో ర్యో పుట్టిన పూర్వపు తొసాయే. 2010లో వారు మొదటి భాగమున తెఱచిన అంగడిపై భోజనశాలలో, బోనిటో చేపను వరిగడ్డి మంటపై పైపైన కాల్చి, చర్మము నల్లబడి లోన పచ్చిగా నుండగనే మందముగా కోసి, ఉప్పుతోను వెల్లుల్లితోను వడ్డింతురు. ఒకినావావారి సరకులు మఱియొక లోకము. మన కాకరకాయకు దగ్గఱి బంధువైన గోయా, ద్వీపముల చెఱకురసమును కాచి గట్టిపఱచిన నల్లబెల్లము, థాయిదేశపు బియ్యమును నల్లబూజుతో పులియబెట్టి దింపిన అవమొరి సారాయి అందు కానవచ్చును. 1972 వఱకు అమెరికా యేలుబడిలో నుండిన ఆ ద్వీపములవారు, రాజధానిలో తమ యునికిని చాటుటకు ఉపన్యాసములకంటె ఆ కాకరకాయలనే నమ్ముకొనుట తెలివైన పని. గోయా నేడు టోక్యో కూరగాయల అంగళ్ళలో సామాన్యవస్తువు. ఆ అంగడి తరువాత సమీపమందలి యూరకుచో పేటకు తరలినది.

ఇవాతెవారి అంగడి కబుకి నాట్యశాల కెదురుగా వెలసినది. నువ్వులు చల్లి ఇనుపముద్రల నడుమ కాల్చిన నంబు బిళ్ళలును, చలిసముద్రపు ఆకులును, గోధుమసేమ్యాలును అందు అమ్ముదురు. తకుబొకు ప్రూఫులు దిద్దిన చోటు అచ్చటికి కొలదిదూరముననే కలదు. అతనికాలమున ఆ బిళ్ళ లిచ్చట దొరకియుండినచో అతని పద్యములు కొన్ని తగ్గియుండెడివేమో! 2011 మార్చి 11వ తేదీన భూకంపమును, దానివెంట సముద్రమును ఇవాతె తీరమును ముంచెత్తిన తరువాత, ఈశాన్యప్రాంతములవారి ఇట్టి అంగళ్ళకు టోక్యోవారు తండోపతండములుగా వచ్చి, అక్కఱ యున్నను లేకున్నను కొనిపోయిరి. చందాపెట్టెలో రొక్కము వేయుటకంటె ఆ ప్రాంతపు సరకును కొని తినుట మేలను భావము అప్పుడు లోకమున నాటుకొనినది.

2024 జనవరి 1వ తేదీన, ఇండ్లలో సంవత్సరాది పండుగ జరుగుచుండగా, ఇషికావ ప్రాంతపు నోతో ద్వీపకల్పమును 7.6 ప్రమాణముగల భూకంపము కూల్చినది. ఇషికావవారి అంగడి 2014 మొదలు గింజా రెండవ భాగమున నుండెను. పండుగ సెలవులు ముగిసి తలుపులు తెఱవగానే దాని యెదుట జనులు బారులుతీరిరి. సుజు తీరమున ఇసుకమడులపై సముద్రజలమును చల్లి, ఎండబెట్టి, ఆ ఇసుకను కడిగిన నీటిని కట్టెలమంటపై కాచి తీయు ఉప్పు; స్క్విడ్ అను సముద్రజీవి ప్రేగులనో చిన్నచేపలనో ఉప్పులో వేసి నెలలతరబడి ఊరబెట్టి వడకట్టిన ఇషిరి యను గోధుమవర్ణపు రసము; వజిమా లక్కగిన్నెలు: నోతోవారి సరకులన్నియు ఇట్టివే. కాచు పాకలు పడిపోయినవి, ఊరు తొట్లు పగిలినవి, అంగడిలో మిగిలినదే అప్పటికి సరకు. ముందే నిర్ణయమైయుండిన ప్రకారము ఆ యేటి మార్చిలో ఆ యంగడి గింజాను విడిచి, టోక్యో రైలుస్టేషనుకు చేరువగా యాయెసు పేటకు తరలెను. గింజాలోని గుమ్మము మూతపడినను ఇషిరి సీసాలకు రాజధానిలో అంగడి లేకపోలేదు.